తాత మార్చ్‌కు జాజ్ దరువు

గౌతమ్, మన బ్యాండుకు లీడర్‌వై ఉండి దిల్‌సుఖ్‌నగర్ హోటల్ల అందరి ముందు మా తాత బక్కయ్యను నువ్వు నవ్వులపాలు చేసినవ్.

తాత మిలిట్రీ బ్యాండుల ఊదిన మార్చ్ పాటను మనం జాజ్ చేసినమని నేనే మురుసుకుంట ఆయనను తోల్కొచ్చిన. మొదలువెట్టంగనే ఆయన లేచి, సెల్యూట్ కొట్టి నిలబడ్డడు. "తాతగారూ, జెండా ఎక్కడండీ?" అని నువ్వు మైకుల అడిగినవ్. జనం పడిపడి నవ్విండ్రు. ఆయన చెయ్యి దించలే. నేను సిగ్గుతోని తల దించుకొని, ఆయన ఎవరో ఎరుగనట్టు సాక్సోఫోన్ ఊదుకుంట కూసున్న.

అది చనిపోయిన సిపాయిలను సాగనంపే మార్చ్. ఇనవడితే నిలబడాలె. నీకు తెల్వదు, నేనూ చెప్పలే.

ఎల్బీనగర్ పోయే బస్సుల, మాఫ్ చెయ్యి తాతా అన్న.

"దేనికిరా? శవాల ఎనుక ఊది ఊది నాకు గా మార్చ్ అంటేనే భయముండె. నవ్వేటోళ్ళ నడుమ ఎన్నడూ ఇనలే, ఇయ్యాల ఇంటే భయం కాలే. గా మైకు పిలగాడు నన్ను గూడ ఊదనిస్తడా, అడుగు" అన్నడు.

నీ సారీ నాకొద్దు. శనివారం ప్రోగ్రాంల నా కుర్చీ ఆయనకియ్యి. గురువారం లోపల జవాబు కావాలె.