సీసాలో దూది

హాస్టల్ స్టోరు గదికి సున్నం వేయిస్తున్నారు. అటక మీది డబ్బాలు దించుతుంటే ఒక పాత రేకు డబ్బా జారి కిందపడి గలగలమంది.

ఖాళీ డబ్బా గలగలమనడమేమిటి? వార్డెనమ్మ మూత తీసి చూసింది. లోపల మాత్రల సీసా!

గుమ్మంలో నిలబడ్డ పిచ్చుకకు పై ప్రాణాలు పైనే పోయాయి.

పిచ్చుక అంటే తొమ్మిదో తరగతి పిల్ల. గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉంటుందని వంటామె పెట్టిన పేరది. ఆ సీసా పిచ్చుకదే. పుట్టుకతోనే అమ్మ నుంచి హెచ్.ఐ.వి. వచ్చింది. అమ్మ పోయింది, నాన్న పోయాడు, జబ్బు మాత్రం మిగిలింది. రోజూ ఒకే వేళకు మాత్ర వేసుకుంటే ఏ ఢోకా లేదని డాక్టరు చెప్పాడు. సంగతి బయటపడితే మాత్రం హాస్టల్లో చోటుండదని, చదువు ఆగిపోతుందని తాతయ్య భయం. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు.

అందుకే సీసా మీది కాగితం గీకేసేది. చప్పుడు కాకుండా లోపల దూది కుక్కేది. ఈసారి కొత్త సీసా తెచ్చుకున్న హడావిడిలో ఆ దూదే మరిచిపోయింది.

సీసా స్టోరు గదికి చేరడానికి కారణం వంటామె. పిల్లలు ఆమెను గరిటమ్మ అంటారు. ఆమె నోరు విప్పితే గరిటతో మొట్టినట్టే ఉంటుంది మరి. రోజూ సాయంత్రం పిచ్చుక మాత్ర వేసుకునే వేళకే వంటింట్లోంచి కేక వినిపించేది.

"ఒసేయ్ పిచ్చుకా! వచ్చి నీళ్ళు పట్టవే! కూర్చుని తినడమేనా?"

"ఇంతమందిలో నేనే దొరికానా ఈవిడకి!" అని గొణుక్కుంటూ వెళ్ళేది పిచ్చుక.

ఎలాగూ వెళ్తున్నాను కదా అని సీసా వంటింటి పక్క స్టోరు గదిలో, ఖాళీ డబ్బాలో దాచుకుంది. గరిటమ్మ అటు తిరిగి గిన్నెలు సర్దుతుంటే, ఇటు గుటుక్కున మాత్ర మింగేసేది. ఎవరూ చూడలేదనుకునేది వెర్రిమొహం!

వార్డెనమ్మ ఒక మాత్ర పట్టుకెళ్ళి మందుల షాపులో అడిగొచ్చింది. వస్తూనే పిల్లలందర్నీ వరసగా నిలబెట్టింది.

"ఇవి ఎయిడ్స్ మందులట. ఎవరివి?"

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"చెప్తారా, అందర్నీ రక్తపరీక్షకు పంపమంటారా?"



"నావి," అంది గరిటమ్మ, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి.

"నీవా?"

"నా స్టోరు గదిలో నావి కాక మీవుంటాయా? ఇలా ఇవ్వండి."

వార్డెనమ్మ గొంతు తగ్గించింది. "వంట చేసినంత మాత్రాన అంటుకోదని నాకూ తెలుసమ్మా. కలిసి తిన్నా అంటుకోదు. కానీ పిల్లల అమ్మానాన్నలు ఊరుకుంటారా?"

"వాళ్ళు ఊరుకోరు, మీరు వాళ్ళకు చెప్పలేరు. పోతాను లెండి."

పోతూ పోతూ పిచ్చుక ముందు ఆగింది. "ఏంటే, గుడ్లప్పగించి చూస్తున్నావు? రేపటి నుంచి ఎవరూ పిలవకపోయినా నీళ్ళు పట్టడం మానకు. తెలిసిందా?"

'అవి నావి' అన్న మాట పిచ్చుక నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. గరిటమ్మ సంచీ భుజానేసుకుని గేటు దాటింది.

సాయంత్రం పక్క దులుపుతుంటే దిండు కింద సీసా దొరికింది. ఊపి చూసింది. చప్పుడు లేదు. లోపల దూది ఉంది.

దిండులో మొహం పెట్టుకుని ఏడ్చింది పిచ్చుక. అయితే గరిటమ్మకు మొదటి నుంచీ తెలుసన్నమాట! ఆమెకూ ఈ జబ్బే ఉండాలి. లేకపోతే ఎలా తెలుస్తుంది? లేని జబ్బును నలుగురిలో ఉందని ఎవరైనా చెప్పుకుంటారా? తనలాంటి మనిషి ఇన్నాళ్ళూ గోడకవతలే ఉంటే, తాను ఒక్కసారైనా పక్కన కూర్చుని మాట్లాడిన పాపాన పోలేదు.

జబ్బుంటే ఈ మందులిచ్చే ఆసుపత్రికే రాక తప్పదు కదా. అప్పటి నుంచి ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా పక్క కుర్చీలో సంచీ పెట్టి కాపలా కాసేది. గుమ్మంలో ఎవరి అలికిడైనా తలెత్తి చూసేది. వస్తే చేయి పట్టుకోవాలి. "నన్ను క్షమించు" అనాలి. కాదు, ముందు "అమ్మా" అనాలి. "ఒసేయ్ పిచ్చుకా" అన్న ఆ కేక ఒక్కసారి వింటే చాలని ప్రాణం కొట్టుకుపోయేది.

గరిటమ్మ రాలేదు. ఒకరోజు మందులిచ్చే సిస్టరే కసిరింది.

"జనం నిలబడి ఉంటే కుర్చీలో సంచీ ఏమిటే?"

"మా హాస్టల్లో వంట చేసినామె కోసం సిస్టర్. పెద్ద గొంతు. మోచేతి మీద కాలిన మచ్చ ఉంటుంది."

సిస్టర్ మొహం మెత్తబడింది.

"ఆ గొంతును ఎలా మరిచిపోతాం! మందులు కాస్త ఆలస్యమైతే హాలంతా అదరగొట్టేది. ఇప్పుడు ఆమె ఇక్కడికెందుకొస్తుంది?"

"మరి ఆమె మాత్రలు?"

"ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదమ్మా. అయినా లేని జబ్బుకు దాపరికమేముంది?"

"ఆమెకు జబ్బు లేదా?" అంది పిచ్చుక.

సిస్టర్ సంచీ తీసి పిచ్చుక చేతిలో పెట్టింది.

"ఆమెకే జబ్బూ లేదే పిచ్చిపిల్లా. ఎవరూ దగ్గరకు తీయని నీలాంటి పిల్లనొకదాన్ని తెచ్చి పెంచుకుంది. మందులు మొదలుపెట్టేసరికే ఆలస్యమైపోయింది కానీ, అది పోయేదాకా ఈ కుర్చీలోనే ఒళ్ళో కూర్చోబెట్టుకునేది."