అంబాసిడరు చూపులు

“రంగు వెలిసిపోయిందండీ,” అన్నాడు ఉమామహేశ్వరం, జంతిక నములుతూ.

దరియాలతిప్పలో ఫిలోమినా గారి షెడ్డులో ఏళ్ళ తరబడి కదలని అంబాసిడరు అది. చూడగానే మనసు పారేసుకున్నాడు. పైకి తేలితే బేరం చెడుతుందని, పులస చేప కొనేటప్పటిలాగే ఆముదం తాగిన మొహం పెట్టి వంకలు వెతుకుతున్నాడు.

“అడుగంతా తుప్పేనండి. గోదారి గాలి కదా.”

“కాఫీ తీసుకోండి,” అంది ఫిలోమినా. “కారుని ఎక్కడ ఉంచుతారు?”

“ఎక్కడో చోట. సందులో పడుంటదండి.”

“మందు అలవాటుందా?”

“అప్పుడప్పుడండి.”

“ఇదివరకటి కారేదీ?”

“కాలవలో ఉందండి.”

పక్కనున్న నాగదుర్గ మొగుణ్ణి గట్టిగా గిల్లింది. అతను పట్టించుకోలేదు.

“తలుపు చప్పుడూ బాలేదు. అయినా సర్దుకుపోతామండి.”

ఫిలోమినా లేచి, కారు మీద పాత దుప్పటి, పిల్లకి కప్పినట్టు మెడదాకా కప్పింది.

“మంచిదండి. ఇంట్లో మాట్లాడుకుని ఏ సంగతీ కబురు చేస్తాం,” అంది.

గేటు దాటగానే ఉమామహేశ్వరం చంకలు గుద్దుకున్నాడు. “పడిపోయింది! రేపీపాటికి ఫోనొచ్చేత్తది చూడు.”

“రాదండి,” అంది నాగదుర్గ. “నాకంటే ముందు మీరు చూసొచ్చిన పిల్లలందరి ఇళ్ళల్లో మీ అమ్మగారు చెప్పొచ్చిన మాటే ఆ ‘కబురు చేస్తాం’.”

ఉమామహేశ్వరం నోట్లో జంతిక ఆగిపోయింది. మరుక్షణం గేటు పట్టుకుని వేలాడుతున్నాడు.

“ఫిలోమినా గారండీ! మందు మానేత్తానండీ! షెడ్డు కూడా ఏయిత్తానండీ!”