దొంగనిద్ర

స్కూల్లో పదేళ్లపాటు పిల్లల దొంగ కడుపునొప్పులు కనిపెట్టిన నర్సమ్మకు పెద్దాసుపత్రిలో అది తొలి రాత్రి డ్యూటీ. సంబరంతో కాళ్లు నేలమీద నిలవడం లేదు.

"మూలమంచం తాతగారు ఇందాకే పోయారు. మొహం మీద దుప్పటి కప్పి రా. ఇవాళ ఒక్క తప్పు చేశావో, రేపట్నించి మళ్లీ పిల్లల మోకాళ్లకి మందు రాసుకుంటావు!" అంది పెద్ద సిస్టర్.

కప్పబోతే తాతగారి రెప్పలు అదిరాయి. అచ్చం దొంగనిద్ర పోయే పిల్లల్లా! నాడి చూస్తే లేదు. అరికాల్లో చక్కిలిగిలి పెడితే, మంచులా చల్లబడ్డ బొటనవేలు ముడుచుకుంది.

నర్సమ్మ మొహం వెలిగిపోయింది. "దొరికారు తాతగారూ!" అంటూ పెద్ద సిస్టర్‌ని కేకెయ్యబోయింది.

"అరవకమ్మా," అని వినిపించింది కదలని పెదవుల్లోంచి. "నీ ఉద్యోగం పోతుంది."

అంతలో పక్కనున్న ఖాళీ మంచం మీద ఎవరో నవ్వాపుకోలేక కిసుక్కుమన్నారు.