విప్పుకోగల కుట్టు

“ముందు ఆ కత్తెర కింద పెట్టు!” అంది అత్త.

కోడలు నవ్వింది. భర్త చొక్కాలన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి. పుట్టబోయే బిడ్డకు వాటితో బొంత కుట్టాలి, నడుమ ఎనిమిది మొనల నక్షత్రం రావాలి. అంతవరకూ ఇద్దరిదీ ఒకే మాట. ఎలా కుట్టాలన్న దగ్గరే పేచీ.

“ఏటవాలు పలకలుగా కోసి మిషన్ మీద జోడిస్తే ఇట్టే అయిపోతుంది కదత్తయ్యా.”

“ఐమూలగా కోస్తే గుడ్డ సాగుతుందే. మొనలు కలిసేచోట బొబ్బలా పైకి లేస్తుంది. అసలు కోయనే వద్దు. చొక్కాను చొక్కాగానే మడిచి, మొనలు తేల్చి, కింది గుడ్డకు చేత్తో పలచగా కుట్టేద్దాం. వాడొచ్చాక విప్పుకుని మళ్లీ తొడుక్కుంటాడు.”

“బొంతా, బట్టల బీరువానా అది? పిల్లకు ఊపిరాడొద్దూ! మీ అబ్బాయికి కొత్తవి కొనుక్కునే వంక దొరుకుతుంది లెండి.”

బొంతలు కుట్టి ఇల్లు నడిపిన మనిషి అత్త. ఏ జోడింపు నిలుస్తుందో, ఏది పిగులుతుందో వేళ్లతో తడిమి చెప్పగలదు. కానీ ఈ వాదన కుట్టు గురించి కాదు. కొడుకు పనిచేసే సొరంగం కూలిపోయి, వాడు లోపలే ఉండిపోయాడనీ, తవ్వడం కూడా మానేశారనీ మేస్త్రీ వచ్చి చెప్పిన పూట కోడలు ఆసుపత్రిలో ఉంది. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి గుండె అదిరే మాటేదీ చెవిన పడకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. బిడ్డ భూమ్మీద పడేదాకా పెదవి విప్పకూడదని అత్త ఒట్టు పెట్టుకుంది. దాచిన నిజం ఎవరిని కాపాడుతోంది, వినని మనిషినా, చెప్పలేని మనిషినా అని ఒక్కోసారి తనను తానే నిలదీసుకునేది.

“పోనీ, వాడు ఫోను చేసినప్పుడు అడుగుదాం. కోయమంటే కోద్దాం,” అంది.

“సొరంగంలో సిగ్నలెక్కడ ఉంటుందత్తయ్యా? పనిలో పడితే ఆయనకు పెళ్లాం పేరే గుర్తుండదు.”

అత్త బతికిపోయాననుకుంది.

“సరేలే, పాతదొకటి కోసి చదరాలతో చేద్దాం. మొనలు కాస్త మొద్దుగా వచ్చినా ఫరవాలేదు. మిగతావి ముట్టుకోకు,” అని చెప్పి, మందులు తేవడానికి బజారుకు వెళ్లింది.

తిరిగొచ్చేసరికి బల్ల మీద ఒక్క చొక్కా లేదు. అన్నీ పలకలయ్యాయి. కాలర్లు ఒక పక్క, గుండీలు గిన్నెలో. ఎక్కడా గుడ్డ సాగలేదు. అంచు గీసినట్టుగా ఉంది. కోడలు వంగి కూర్చుని, ఎనిమిది మొనలనూ ఒక్కచోటికి తెచ్చి గుండుసూది గుచ్చుతోంది.

అత్త మందుల సంచి కింద పెట్టింది. అబద్ధాన్ని నిలబెట్టాలి. గొంతులోకి కోపం తెచ్చుకుంది.

“ఒక్కటైనా మిగల్చలేదటే? రేపు వాడొస్తే ఏం తొడుక్కుంటాడు?”

కోడలు తల ఎత్తలేదు.

“రాడుగా అత్తయ్యా.”