కోడలి బేస్‌బాల్

వినుతకు బేస్‌బాల్ మీద ప్రేమ పళ్ళ డాక్టరు దగ్గర పుట్టింది.

చింతామణి ఊళ్ళో ఆ డాక్టరుగారి టీవీకి రిమోటు పోయి చాలా కాలమైంది. ఏ ఛానెల్ తగులుకుంటే ఆ రోజుకి అదే లోకం. ఆ రోజు తగులుకున్నది ఏదో దేశపు బేస్‌బాల్. దవడ ఉబ్బిన వినుత మొదట విసుక్కుంది. తర్వాత ముందుకు వంగి చూసింది. పన్ను పీకించుకున్నాక కూడా నోట్లో దూది పెట్టుకుని ఆట ముగిసేదాకా కుర్చీ వదల్లేదు. ఆమెకు ముప్పై నాలుగేళ్ళు. బజారులో రవికలు కుట్టే అంగడి ఉంది. క్రికెట్టే సరిగ్గా తెలియదు. ఇలాంటి మనిషి ప్రేమలో పడడానికి అంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

ఊళ్ళో ఆడవాళ్ళ బేస్‌బాల్ జట్టు ఒకటి ఉండనే ఉంది. పొద్దున్నే కాలేజీ మైదానంలో ఆడేవాళ్ళు. ఒకరిద్దరు నర్సులు, కొందరు టీచర్లు, టమాటా మండీ నడిపే రంజిత. వాళ్ళందరినీ పోగేసింది కోచ్ మేడమ్. వినుత వెళ్ళిన మొదటి రోజే మేడమ్ తన నియమం చెప్పింది. గేటు లోపల అక్కా, వదినా అనే పిలుపులు లేవు. అందరూ ప్లేయర్లే. తను అందరికీ మేడమే.

ఆ తర్వాత వినుతను కింది నుంచి పైదాకా చూసింది.

"బ్యాటు పట్టుకోనుండావా, సంగటి కెలికే కట్టె పట్టుకోనుండావా?"

ఇది మైదానంలో జరిగే సన్మానం. ఇంట్లో జరిగేది వేరు.

అత్త సుబ్బలక్ష్మమ్మ భోజనాల దగ్గర మొదలుపెట్టేది. సంగటి గట్టిగా ఉందన్న మాటతో ఎత్తుకుని, కోడలు పరుగెత్తే తీరు దగ్గర తేల్చేది. పొద్దున వినుత వదిలేసిన బంతులన్నీ సాయంత్రానికి ఆమె నోట్లో ఉండేవి. అంత చిన్న ఊళ్ళో ఏ సంగతి దాగుతుంది? ఈ వయసులో ఈ ఆటలెందుకని, రవికలు కుట్టుకుంటూ ఉంటే సరిపోదా అని అడిగేది. జిల్లా పోటీల మాట వచ్చిన రోజు మాత్రం చెయ్యి కడుక్కుని మరీ అడిగింది.

"నువ్వు పోయి చిక్కబళ్ళాపురం మైదానంలో నిలబడితే మన మర్యాద ఉంటాదా?"

వినుత భర్త గిరీశ్ చాలా న్యాయమైన మనిషి. అందుకే ఎవరి పక్షానా మాట్లాడడు. ఇంట్లో అత్తతో ఒక మాట చెప్పమని వినుత అడిగితే, ఎవరూ చెయ్యని ఫోను చెవికి ఆనించుకుని వసారాలోకి నడిచేవాడు. పోనీ మైదానానికి వచ్చి మేడమ్‌తోనైనా చెప్పమంటే బెదిరిపోయాడు.

"నేను ఆమె చేతి దెబ్బలు తిని పెరిగినోణ్ణి. మల్లా తినమంటావా?"

అయినా వినుత మానలేదు. మిద్దె మీద బొంత వేలాడదీసి దానికేసి బంతి విసిరింది. విసిరి విసిరి కుడి భుజం వాచింది. ప్రేమ వాపుతోనే మొదలైంది కాబట్టి పెద్దగా ఆశ్చర్యపోలేదు. జట్టుకు చొక్కాలన్నీ తనే కుట్టింది. ఆ పుణ్యానికి జిల్లా పోటీలో ఆమెకు బెంచీ మీద చోటు దొరికింది, అదీ ఎండ పడే కొసన.

చిక్కబళ్ళాపురంలో ఎదురు జట్టు గౌరిబిదనూరు. ఆట చివరికి వచ్చేసరికి ఇద్దరి పరుగులూ సమానం. మూడో బేస్ దగ్గర రంజిత సిద్ధంగా ఉంది. ఒక్క మంచి దెబ్బ పడితే పరుగెత్తి గెలిపిస్తుంది. ఆ దెబ్బ కొట్టాల్సిన టీచరు సహన కాలు మెలికపడి కూర్చుంది. కోచ్ మేడమ్ బెంచీని ఈ కొస నుంచి ఆ కొసకు చూసింది. వినుత తప్ప ఎవరూ లేరు. ఈలోగా ఎవరైనా పుట్టుకొచ్చారేమోనని ఇంకోసారి చూసింది.

"పో," అంది.

మొదటి బంతికి వినుత గాలిని కొట్టింది. రెండో బంతికీ గాలినే, కాకపోతే ఇంకా గట్టిగా. మరొకటి తప్పితే ఔట్. గౌరిబిదనూరు వాళ్ళు నవ్వుకున్నారు. ఇంట్లో పడ్డ మాటలు, మైదానంలో పడ్డ మాటలు కలిసి చెవుల్లో మోగాయి. అంతలో మూడో బంతి వచ్చింది. ఇంక వేరే ఏదీ వినబడలేదు. కొట్టింది.

బంతి రెండో బేస్ దగ్గరామె తల మీదుగా పోయి గడ్డిలో పడింది. వినుత తల దించుకుని పరుగెత్తింది. టీవీలో చూసినట్టే దుమ్ములో జారుకుంటూ ఫస్ట్ బేస్ అందుకుంది. అక్కడ జారాల్సిన పనే లేదు. బంతి ఇంకా గడ్డిలోనే ఉంది. అటు రంజిత పరుగు పూర్తిచేసింది. జట్టంతా ఎగురుతుంటే, గెలిపించిన మనిషి మోకాలు దోక్కుపోయి నేల మీద పడి ఉంది.

కోచ్ మేడమ్ నడిచి వచ్చింది.

"ఫస్ట్ బేస్ కాడ ఎవురన్నా జారతారా? తల దించి పరిగెత్తొద్దని ఎన్ని తూర్లు చెప్పల్ల?"

అంటూనే, ఎవరినీ తాకనివ్వని తన నీళ్ళ సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. అప్పటిదాకా ఆపుకున్న వినుత అప్పుడు ఏడ్చింది.

ఈ గెలుపు వెనక కథను సగం సగం విన్న పేపరు విలేకరి ఒకాయన పరుగున వచ్చాడు. ఇంట్లో అత్త వద్దన్నా, ఇక్కడ కోచ్ వద్దన్నా ఆగని ఆడది అని శీర్షిక అప్పటికే ఆలోచించేసుకున్నాడు. అత్తగారు కూడా ఆట చూడ్డానికి వచ్చారా అని అడిగాడు. వచ్చి ఉంటే ఒక పక్కన ఆమెను, ఇంకో పక్కన మేడమ్‌ను నిలబెట్టి ఫోటో తీస్తానన్నాడు.

"పక్కకు ఒకరంటే కుదరదు సార్, మా అత్తా మా మేడమూ ఈమే," అంటూ వినుత కోచ్ మేడమ్ చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.