రౌటర్‌కు పెట్టిన పెన్‌డ్రైవ్

“హారతి వీడియోలన్నీ తీసెయ్. అవి ఇంట్లో ఉండాయంటేనే నాకు ఊపిరాడదు,” అనింది భార్య, కూతురు హారతి దినాలైన మర్నాడు.

చౌడప్ప కిందికి వచ్చి, ఆగిన మగ్గం పక్కనున్న కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వీడియోలన్నీ రౌటర్‌కు పెట్టిన పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. దాన్ని అక్కడ పెట్టింది హారతే. “నువ్వు కింద, నేను పైన, ఇద్దరమూ ఒకే పెన్‌డ్రైవ్ చూడచ్చు నాయనా. అయితే ఈడ తీసేస్తే మళ్లీ రాదు, చూసుకో,” అని చెప్పింది.

ఒక్కొక్కటే తీసేశాడు. ముప్పై ఆరు పోయాయి. చీర అంచుకు తాను గీసిన హంసల్ని చూపిస్తూ హారతి నవ్వే చివరి వీడియో మాత్రం పోలేదు. ఈ ఫైలును వేరెవరో వాడుతున్నారంది కంప్యూటర్.

ఇంట్లో ఉన్న రెండో కంప్యూటర్ పైన హారతి గదిలో ఉంది. ఆ గదికి తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకున్నది భార్యే.

మెట్ల దగ్గరికి వెళ్లి చెవి ఒగ్గాడు. పైనుంచి సన్నగా హారతి నవ్వు వినిపిస్తోంది.

ఆ నవ్వు ఆగగానే భార్య తర్వాతి వీడియో కోసం వెతుక్కుంటుంది.