కంప్యూటర్ చెప్పిన దోషం

పొద్దున మార్కెట్ యార్డులో తన తండ్రి చెంప పగలగొట్టిన చెయ్యి, మధ్యాహ్నానికల్లా డేవిడ్ టేబుల్ మీదికి వచ్చింది. వేళ్ల సందుల్లో పసుపు ఇంకా వదల్లేదు. డేవిడ్ ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు.

తప్పు ఎంతదని? హమాలీ యాకోబు కాలు జారి ఒక బస్తా కింద పడేశాడు. నాలుగు పసుపు కొమ్ములు మట్టిలో దొర్లాయి. అంతే. పసుపు అమ్మిపెట్టే కమీషన్ దుకాణం, అడ్తి, నడిపే భూమేశ్వర్ సేటు, తనకంటే పెద్దవాడని కూడా చూడకుండా, జనమంతా చూస్తుండగా ఈడ్చి కొట్టాడు. యాకోబు చెంప తుడుచుకుని మళ్లీ ఆ బస్తానే ఎత్తుకున్నాడు. అది తలుచుకుంటే డేవిడ్‌కు ఏడుపొస్తోంది. ఆ ముసలాయన కొడుకే ఈ కంప్యూటర్ సెంటర్ నడుపుతున్నాడని సేటుకు తెలియదు. హమాలీలకు కొడుకులుంటారన్న సంగతే ఆయనకు ఎన్నడూ తట్టి ఉండదు.

సేటు వెంట కొడుకు మహేశ్ ఉన్నాడు. ఇంటర్ పరీక్షలు రాసిన పిల్లాడు. తండ్రి చెమట తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తినా భుజాలు ముడుచుకుంటున్నాడు.

"నీ కంప్యూటర్ల ఏందో పరీక్ష ఉందట గదా తమ్మీ. ఎవ్వలు ఏ పనికి పనికొస్తరో చెప్తదట. మావోనికి పెట్టు," అన్నాడు సేటు. "వీడు అడ్తి మీద కూసుంటడో, ఊరు మీద తిరుగుతడో నాకైతే తెలుస్తలేదు."

ఉందన్నాడు డేవిడ్. హైదరాబాద్ నుంచి తెచ్చిన సీడీ అది. ప్రశ్నలకు ఎవరికి వాళ్లు ఉన్నదున్నట్టు జవాబులు చెప్పుకుంటే, తమకు ఏది ఇష్టమో, ఏది చేతనవుతుందో తేటపడుతుంది. అంతకుమించి అందులో మహిమేమీ లేదు. కానీ డేవిడ్ అదే కంప్యూటర్లో, అదే ప్రింటర్ మీద జాతకాలు కూడా తీసిస్తాడాయె. ఆదివారం చర్చికి పోయేవాడికి ఈ జాతకాలెందుకురా అంటే, దుకాణం కిరాయి సంగతెత్తి నవ్వేస్తాడు. అందుకని ఆర్మూరు జనానికి ఈ రెండింటికీ తేడా తెలియదు. ప్రింటర్ గరగరమని ఏది కక్కినా అది బ్రహ్మరాతే.

ప్రశ్నలు ఇంగ్లీషులో ఉన్నాయి. మహేశ్ తెర మీదికి వంగబోతే, నీకేం తెలుస్తదిరా మొద్దూ, చేతులు కట్టుకుని కూర్చో అని సేటు కసిరాడు. చదివి చెప్పే పని, జవాబు నొక్కే పని డేవిడ్‌కు అప్పజెప్పి, తిన్న అన్నం అరిగేలా కుర్చీలో కునుకు తీశాడు. దేవుడే తెచ్చి ఒళ్లో పడేశాడనుకున్నాడు డేవిడ్.

నలుగురితో కలిసి పనిచేయడం ఇష్టమా అని అడిగాడు. ఇష్టమేనన్నాడు పిల్లాడు. డేవిడ్ కాదని నొక్కాడు. లెక్కలు వచ్చా? వస్తాయన్నాడు. రావని నొక్కాడు. బరువులెత్తే పనంటే మాత్రం ప్రాణమని నొక్కాడు. పిల్లాడు తెరకేసే చూస్తూ, అడిగినదానికల్లా బుద్ధిగా జవాబిచ్చాడు. పాపం, వీడేం చేశాడు అని డేవిడ్‌కు అనిపించకపోలేదు. చెంప తుడుచుకున్న తండ్రి గుర్తుకొచ్చేసరికి ఆ జాలి కాస్తా ఎగిరిపోయింది.

ప్రింటర్ చప్పుడుకు సేటు ఉలిక్కిపడి లేచాడు. డేవిడ్ కాగితం చేతిలోకి తీసుకుని, చదవడానికే మనసొప్పనట్టు మొహం పెట్టాడు.

"అడ్తి కలిసిరాదు సేటూ. సదువు గూడ లేదు. మూటలు మోసే పనే పడ్డది."

సేటు మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. ఒక్కగానొక్క కొడుకు, హమాలీయా? దోషం పోయే దారేదన్నా చూడమని బతిమాలాడు. డేవిడ్ కాచుకుని ఉన్నది సరిగ్గా ఆ మాట కోసమే. ఊరికే రెండు మీటలు నొక్కి నిట్టూర్చాడు.

"మూటలు మోసే పెద్దమనిషి ఉసురు తగిలిందని వస్తుంది. ఎవరినన్న కొట్టినవా?"

సేటు నోరు తెరిచాడు. "పొద్దుగాల్నే ఒకణ్ణి కొట్టిన. గిది గూడ సూపిస్తదా నీ డబ్బ?"

అన్నీ చూపిస్తుందన్నాడు డేవిడ్. పరిహారం చెప్పాడు. రేపు పొద్దున యార్డు నిండా జనం ఉన్నప్పుడు, కొట్టిన చోటనే ఆ పెద్దమనిషిని కూర్చోబెట్టాలి. స్వయంగా కాళ్లు కడిగి పసుపు రాయాలి. తప్పయిందని అందరికీ వినబడేలా చెప్పి మొక్కాలి. ఆ తర్వాత మళ్లీ పరీక్ష పెడితే పిల్లాడి రాత మారుతుంది.

సేటు గింజుకున్నాడు. గుళ్లో అన్నదానం చేస్తే సరిపోదా, అమ్మవారికి మేకపోతునిస్తే కాదా అని, పసుపు ధర తెగ్గొట్టినట్టు బేరం పెట్టాడు. డేవిడ్ తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. ఆఖరికి కొడుకు మొహం చూసి సరేనన్నాడు సేటు. తల వంచుకుని బయటికి నడిచాడు. డేవిడ్ ప్రాణం లేచివచ్చింది. రేపు తనూ యార్డుకు పోతాడు. అందరికంటే ముందు నిలబడి కళ్లారా చూస్తాడు.

మహేశ్ గడప దాకా పోయి వెనక్కి వచ్చాడు. బయట తండ్రి స్కూటర్ చప్పుడు మొదలయ్యే దాకా ఆగి, గొంతు తగ్గించాడు.

"అన్నా, నేను నిజామాబాద్ల ఇంగ్లీష్ మీడియం సదివిన. నువ్వు నొక్కినయన్ని సూసిన."

డేవిడ్ చేతిలోని కాగితం చప్పున మడిచేశాడు. అయిపోయింది. రేపు తండ్రికి ఆ రెండో చెంప కూడా పగులుతుంది, అదీ తన మూలాన్నే.

"బాపుకు చెప్పనన్నా," అన్నాడు పిల్లాడు, తన చెంప తడుముకుంటూ. "రేపు మా అమ్మను గూడ యార్డుకు తోల్కొస్త. బాపు ఒకరి కాళ్లు మొక్కుడు ఆమె గూడ సూడాలె."